కోదండము నుండి ఇంటిపాఠము దాక

మన తెలుగు ఇండ్లలో బిడ్డ చదువునకు కూర్చుండనిచో పెద్దల నోటికి వెంటనే వచ్చు మాటలు మూడు: సోమరి, మొండి, మందబుద్ధి. మొదటిది వాని దేహమును, రెండవది వాని మనస్సును, మూడవది వాని పుట్టుకనే తప్పుపట్టును. వీనిలో దేనిని అనుటకును పరీక్ష అక్కఱలేదు. అన్నవారి కోపమే సాక్ష్యముగా చెల్లుచున్నది. ఈ తీర్పుల వెనుక మన దేశమున ఎట్టి శిక్షలు నడచినవి, బడిలో ముగియవలసిన పాఠము రాత్రి భోజనమైన పిదప మన నట్టింటికి ఎట్లు వచ్చి కూర్చుండెను అనుదానికి ఒక చరిత్ర కలదు. అది తెలిసినయెడల రాత్రి ఎనిమిది గంటలకు పుస్తకము ముందఱ బిగదీసికొని కూర్చున్న పిల్లవానిని చూచు చూపు కొంత మాఱునని నా నమ్మిక.

దండనను సమర్థించువారు ముందుగా శాస్త్రమును పిలుతురు. పిలిచినవారిలో దానిని తెఱచి చూచినవారు తక్కువ. ఆంధ్రదేశపు వైదిక కుటుంబములలో పెక్కింటికి ఆపస్తంబ సూత్రము ప్రమాణము. శిష్యుడు తప్పుచేసినప్పుడు గురువు విధింపదగిన దండనలను ఆ ధర్మసూత్రము పేర్కొన్నది: గదమాయించుట, ఉపవాసముంచుట, చన్నీట ముంచుట, కొంతకాలము తన కంటబడవలదనుట. అవియును తప్పు ఎంతయో అంత మేరకే, వాడు దానిని మానుకొను వఱకే. ఆ పట్టికలో కఱ్ఱ లేదు. గౌతమ ధర్మసూత్రము, శిష్యుని కొట్టకయే దిద్దవలెననియు, అది శక్యము కానప్పుడు సన్నని త్రాటితోనో చీల్చిన వెదురుతోనో మాత్రమే దండింపవచ్చుననియు, మఱి దేనితోనైనను కొట్టిన గురువును రాజు శిక్షింపవలెననియు విధించినది. మనుస్మృతి సైతము వీపున తప్ప తలపై కొట్టరాదని హద్దు పెట్టినది. ఈ గ్రంథములలో నేడు త్రోసివేయవలసిన మాటలు కొల్లలుగా నున్నవి. స్త్రీలకును శూద్రులకును అవి చేసిన అన్యాయమును సంస్కారము గలవారు కప్పిపెట్టరు. అయినను, బిడ్డపై ఎత్తిన చేతికి శాస్త్రమును అండగా తెచ్చుకొనువారు, ఆ శాస్త్రము గురువునకే శిక్ష వ్రాసిన చోటును కూడ చదువుట న్యాయము.

చదువు పట్టని పిల్లల కథలలో మనకు మిక్కిలి పరిచితమైనది పంచతంత్రపు పీఠిక. దక్షిణాపథమున మహిళారోప్యమను నగరమునేలు అమరశక్తికి మువ్వురు కుమారులు. మువ్వురును శాస్త్రమన్న మొగము త్రిప్పుకొనువారే. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని సభవారు లెక్కలు చెప్పుచుండగా, విష్ణుశర్మ యను వృద్ధుడు లేచి ఆఱు నెలల గడువు అడిగి, కాకులు, గుడ్లగూబలు, కోతులు, మొసళ్లు మాటలాడు కథలను చెప్ప నారంభించెను. ఆ రాకుమారులు మాఱిరో లేదో చెప్పుటకు సాక్ష్యము లేదు. ఆ వృద్ధుడు పాఠమును మార్చెననుటకు మాత్రము గ్రంథమే సాక్ష్యము.

ఇక కథలను విడిచి కాగితములకు వత్తము. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీన ఒక ఉత్తరువు వ్రాసి, రాజధానిలోని ప్రతి కలెక్టరును తన జిల్లాలోని బడుల లెక్కను పంపుమనెను. 1826 మార్చి నెలలో ఆయన వానినన్నిటిని కూడి చూడగా, కోటి యిరువదియెనిమిది లక్షల జనమునకు 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును తేలిరి. నెల్లూరు జిల్లా వంతు ఏడువందల బడులకు దగ్గఱ. వీనిలో నూటికి తొంబదిపాళ్లు వీధిబడులే యనవచ్చును: ఏ సంపన్నుని అరుగుమీదనో, గుడి మండపముననో ఒక పంతులు, ఆయన చుట్టును పదిపండ్రెండుగురు పిల్లలు, వారి ముందఱ ఇసుక.

కలెక్టర్లు పంపిన నివేదికలలో పిల్లవాని ముఖము కనబడునది ఒకటే. అది బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో వ్రాసినది. తెలుగు వ్యాకరణమును, నిఘంటువును రచించిన దొర ఆయన. భాష తెలిసి, బడి గుమ్మమున నిలిచి చూచినవాడు. నేటి అనంతపురము ప్రాంతమంతయు నాడు బళ్లారి జిల్లాలోనిదే. పెన్న ఆ నేలను దాటియే, సోమశిల కనుమ గడచి, మా అనంతసాగరము ప్రక్కకు వచ్చుచున్నది. కావున ఆయన చూచిన బడికిని, ఉదయగిరి ఆత్మకూరు సీమలలోని నాటి బడికిని పెద్ద భేద ముండెననుకొనుటకు నాకు హేతువు తోపలేదు.

ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఈ పిల్లలలో బాలికలు అఱువదిమంది మాత్రమే. ఉదయము ఆఱు గంటలకు బడి. మొట్టమొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాసి గౌరవింతురు. రెండవవానికి సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అట్లే పైపైకి. కడపట వచ్చిన పసివాని లెక్కను పాఠకులే కట్టుకొనవచ్చును. పాఠము అప్పగింపనివానికి బెత్తము. అంతటితో తీరనిచో వాని రెండు చేతులను కట్టి దూలమునకు వ్రేలాడదీయుట; లేదా ఎడతెగక కూర్చుండుచు లేచుచు నుండుమనుట. ఈ మొదటిదానినే మనవారు కోదండమనిరి. శ్రీరాముని వింటికి గల పేరును చంటివాని చేతులకు బిగించిన త్రాటికి పెట్టిన ఘనత మనదే. రెండవది గుంజిళ్లు. అది బాధాకరమే గాని దేహారోగ్యమునకు మంచిదేమో యని క్యాంబెల్ ఒక చిఱునవ్వు నవ్వెను. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆయన కోపగించినది వేఱొకదానిపై. పిల్లలు వల్లెవేయు పద్యములు వారు ఇంటిలో మాటలాడు భాషలో లేవనియు, పంతులునకే వాని అర్థము తెలియదనియు, బాలురు చిలుకలవలె పలుకుచున్నారే గాని గ్రహించుట లేదనియు ఆయన వ్రాసెను. ఈ మాట దొరకే తోచినది కాదు. ఒంగోలు ప్రాంతపు వెన్నెలకంటి సుబ్బారావు, అనేక భాషలు నేర్చి మద్రాసు సదరు అదాలతులో దుబాసీగా పనిచేసినవాడు, 1820లో మద్రాసు స్కూలు బుక్కు సొసైటీకి సభ్యుడై, అంతకు మూడేండ్ల ముందే దేశీయ పాఠశాలల స్థితినిగూర్చి విన్నవించుచు, అర్థము లేని వల్లెవేతనే ప్రధాన దోషముగా ఎత్తిచూపెను. ఈ రెండు సాక్ష్యములను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. బోధించువానికే తెలియని పాఠమును నేర్వలేకపోయినందుకు నేర్చువానిని దూలమునకు కట్టిరి. లోపము పాఠమున నున్నదని ఇరువురు గుర్తించిరి. ఆ త్రాటిని విప్పుమని మాత్రము వారిలో ఎవ్వరును గొంతెత్తి అడిగినట్లు కానరాదు.

ఈ విషయమున తెల్లవారు మనకన్న మెఱుగని తలచువారికి ఒక సంగతి చెప్పవలెను. ఆండ్రూ బెల్ అను మతగురువు 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు పెద్దయై, మన వీధిబడిలో పిల్లలు ఇసుకపై వ్రాయుటను చూచి ముచ్చటపడి, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు పద్ధతిని నడపి, 1797లో దానిని లండనులో ప్రకటించెను. అది మద్రాసు పద్ధతి యని పేరుపడి ఇంగ్లండున వ్యాపించెను. బెల్లునకు కొట్టుట గిట్టదు. ఆయనకు పోటీగా నిలిచిన జోసెఫ్ లాంకాస్టరును బెత్తము వలదనినవాడే. బెత్తమునకు మాఱుగా అతడు కనిపెట్టినవి: మెడకు కట్టెమొద్దు, కాళ్లకు సంకెల, ఆపైన అల్లరివానిని బుట్టలో కూర్చుండబెట్టి పైకప్పునకు వ్రేలాడదీసి తోడిపిల్లలచేత నవ్వించుట. మన ఇసుక అక్కడికి ఎట్లు చేరెనో తెలియును. కోదండము మాత్రము ఎవ్వరును మోసికొని పోకయే అక్కడ మొలచినది. నేర్పలేనివాడు నేర్వలేనివానిని చూచినప్పుడు కలుగు కసికి దేశభేదము లేదు కాబోలు.

ఇంతవఱకును శిక్ష బడిలోనిది. సాయంకాలము బడి విడిచిన పిల్లవాడు ఇల్లు చేరెనా, ఆవులను తోలుకొనివచ్చుటయో, చెఱువుగట్టున పరుగెత్తుటయో వాని యిష్టము. తమిళనాటి తిన్నెబడులలో సాయంకాలము పిల్లలకు ఒక పువ్వు పేరో, ఒక పక్షి పేరో చెప్పి, మఱునాడు ఉదయము దానిని మఱవక చెప్పుమను ఆచార ముండెడిది. ఇంటికి వెళ్లు పాఠమంతయు ఒక మల్లెపువ్వంత బరువు.

ఆ బరువు పెరిగిన వైనము అచ్చుపుస్తకముతోను, పరీక్షతోను ముడిపడియున్నది. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మద్రాసు ప్రభుత్వము ఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చు ఏర్పాటును తెచ్చెను. ఇన్‌స్పెక్టరు వచ్చి, ప్రతి పిల్లవానిని చదువున, వ్రాతన, లెక్కలందు వేఱువేఱుగ పరీక్షించును. ఎందఱు నెగ్గిరో, ఏయే విషయములందు నెగ్గిరో దానిని బట్టి బడికి రూకలు. పెక్కు పల్లెబడులలో పంతులు బ్రతుకు ఈ రూకలమీదనే నడచెను. ప్రభుత్వము 1904 నాటి విద్యావిధాన తీర్మానమున ఈ పద్ధతిని త్రోసివేసెను. కాని అంతలో జరుగవలసినది జరిగిపోయినది. వీధిబడిలో చదువు రానివాడు పంతులునకు విసుగు తెప్పించెడివాడు. గ్రాంటుబడిలో వాడు ఆయన గింజలలో కోత పెట్టువాడయ్యెను. వాని వెనుకబాటు ఒక ధరను పొందెను. అంతకుముందు ఆఱుమాసములు ఎక్కువ పట్టినను, ఇంకొక యేడు పట్టినను నేర్చుకొను వీలుండెను. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు వచ్చు దినమునకు నేర్చితీరవలెను. బడివేళ చాలదయ్యెను. చాలని పనిని పంతులు ఇంటికి పంపెను. ఇల్లు దానిని మాఱుమాటాడక పుచ్చుకొనెను. కొడుకు గుమాస్తా యగునను ఆశ అప్పటికే ఇంటిలో దీపము వెలిగించియుండెను.

ఇంటిపాఠము మంచిదా చెడ్డదా యని నేను వాదింపను. చేసిన పనిని ఇంకొకసారి తనంతట తాను చేసికొనుటలో లాభమున్నది. కాని ఒక సంగతి మఱవరాదు. ఇంటిపాఠమును పంపు బడి, ఇంటిలో ఒక బల్ల, ఒక దీపము, చదువు వచ్చి తీరిక గల ఒక మనిషి ఉన్నట్లు తలచి పంపును. మెట్టపొలము, కూలిపని, వలస గల ఉదయగిరి సీమలో ఆ మూడును ఉన్న ఇండ్లెన్ని? ఉన్న ఇండ్లలో కథ వేఱు. అచ్చట తండ్రి కచ్చేరినుండి వచ్చి, చొక్కా విడిచి, రెండవ పంతులై కూర్చుండును. బడిపంతులునకు నలువదిమంది, ఈయనకు ఒక్కడే. ఆయన చూపు తప్పించుకొనుటకు ఆ ఒక్కనికి చాటు లేదు.

పాఠము బిడ్డకు ఎందుకు కొఱుకుడు పడదో వెదకినవారిలో మనవాడు ఒకడు గిడుగు రామమూర్తి. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపట్ల కొండలలోని సవర పిల్లలకు తెలుగు బడి పనికిరాదని గ్రహించి, తానే సవర భాషను నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, వారికి బడులు పెట్టించెను. పిమ్మట ఆ చూపునే తెలుగు పిల్లలవైపు త్రిప్పెను. జే. ఏ. యేట్స్ అను ఇన్‌స్పెక్టరు, జనులు మాటలాడు తెలుగునకును పుస్తకపు తెలుగునకును ఇంత ఎడమేల యని యడుగగా, ఆ ప్రశ్నను పట్టుకొని గిడుగు, గురజాడలు సాగించిన పోరాటము పాఠకులకు తెలిసినదే. దానిని మనము భాషావివాదముగా చెప్పుకొనుచున్నాము. నాకు అది ముందుగా ఒక ఉపాధ్యాయుని ప్రశ్నగా తోచును: పిల్లవానికి రానిది చదువా, లేక వాడెన్నడును వినని భాషయా? ఈ ప్రశ్న అడిగినవాడు గ్రాంథికము వ్రాయువారిని ఎంత వేళాకోళము చేసెనో తెలిసియు నేను ఈ వ్యాసమును ఈ భాషలో వ్రాయుచున్నాను. పెద్దలు చదువు పత్రిక గనుక ఆయన క్షమించునని ఆశ.

అదే కాలమున సీమలో వైద్యులు మఱి యొక వైపునుండి ఈ పిల్లవానిని చూడసాగిరి. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఇంగ్లీషు వైద్యుడు పెర్సీ యను పదునాలుగేండ్ల బాలునిగూర్చి వ్రాసెను. తెలివిగలవాడు, ఆటలలో తోడివారికి తీసిపోడు, అంకెలు చదువును. ఏండ్లతరబడి నేర్పినను అక్షరములు కూడి మాటలై వానికి కనబడవు. చదువంతయు నోటితోనే నడచునదైనచో బడిలో వీనిని మించినవాడుండడని వాని ఉపాధ్యాయుడే చెప్పెనట. ఆ ఉపాధ్యాయునికి నా నమస్కారము. వైద్యుని కన్న ముందుగా కనిపెట్టినవాడు ఆయనయే. 1902లో జార్జి స్టిల్ అను వైద్యుడు లండనున ఉపన్యసించుచు, బుద్ధికి కొఱత లేకయే ఒకచోట నిలువలేక, మనస్సును పట్టలేక, తోచినదానిని తోచినట్లు చేసివైచు పిల్లలను వర్ణించెను. నేడు అవధాన లోపము, అతిచాంచల్యము అని చెప్పుచున్న స్థితికి పూర్వ చరిత్ర వ్రాయువారు అచ్చటినుండియే మొదలిడుచుందురు. 1905లో పారిసు నగరమున ఆల్ఫ్రెడ్ బినే, సైమన్ అనువారు బుద్ధిపరీక్షను కల్పించిరి. ప్రత్యేకముగ నేర్పవలసిన పిల్లలెవరో తెలిసికొనుట వారి ఉద్దేశము. బుద్ధి పుట్టుకతో వచ్చి కదలక నిలుచు కొలత యనువారిని బినే గట్టిగా ఖండించెను. ఆయన పోయిన తరువాత ఆ పరీక్షనే ముద్రవేయు కడ్డీగా వాడుకొనిన దేశములున్నవి.

1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ యను వైద్యుడు, చిత్తచాంచల్యము గల పిల్లలు ఒక మందుతో బడిపనిని శ్రద్ధతో చేయుటను చూచి ప్రకటించెను. మందులు అప్పటినుండి పెరిగినవి, మెఱుగైనవి. అవి కొందఱు పిల్లలకు నిజముగ మేలు చేయును. పరీక్షించిన వైద్యుడు చెప్పినప్పుడే అని వేఱుగ చెప్పనక్కఱలేదు.

రోము నగరమున బుద్ధిహీనులని విడిచిన పిల్లలకు చేతిపనులతో, చెక్కముక్కలతో నేర్పి, వారు సాధారణ పిల్లలతో సమముగ పరీక్షలలో నెగ్గుటను చూచిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి. అంతట ఆమె అందఱివలె సంతోషించి ఊరకుండలేదు. ఆరోగ్యవంతులైన పిల్లలు ఇంత తక్కువ నేర్చుటకు మన బడులు వారికేమి చేయుచున్నవి అని తన్ను తాను అడిగికొనెను. ఆమె 1939 నవంబరులో మద్రాసు అడయారునకు వచ్చి, దేశము నలుమూలలనుండి వచ్చిన సుమారు మూడువందలమంది ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చెను. యుద్ధము వలన 1946 దాక మన దేశముననే యుండిపోయెను. అడయారు నెల్లూరునకు ఎంత దూరము! ఆ గాలి పట్టణపు శిశువిహారములకు సోకినంతగా మా ప్రాంతపు బడులకు సోకలేదు.

చట్టము చివరకు వచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలుకు వచ్చి, దాని 17వ సెక్షను బడిలో దేహదండనను, మనోవేదన కలిగించుటను నిషేధించినది. గౌతముడు రాజునకు విడిచిన పని ఇన్ని శతాబ్దములకు ప్రభుత్వము చేపట్టినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, చదువుట వ్రాయుట లెక్కించుటలలోని ప్రత్యేకమైన ఇబ్బందిని కూడ వైకల్యముల పట్టికలో చేర్చినది. 1995 నాటి చట్టమున దాని ఊసే లేదు. 2018 మే నెలలో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటిపని ఇవ్వరాదని ఆదేశించగా, ఆ యేటి చివర కేంద్ర ప్రభుత్వమును అట్లే సూచించినది. మన రాష్ట్రమున ప్రత్యేకావసరములు గల పిల్లలకొఱకు మండలములలో భవిత కేంద్రములున్నవి. ఇవి యెంత చక్కగ నడచుచున్నవో వేఱు ప్రశ్న. బిడ్డను అచ్చటికి తీసికొనిపోవుటకే సిగ్గుపడు తల్లిదండ్రులను నేను చాలమందిని చూచితిని.

కాని ఈ చట్టములన్నియు ఇంటి గడప దాక వచ్చి ఆగును. బడిలో కోదండము పోయినది. రాత్రి ఎనిమిది గంటలకు తండ్రి వేయు మొట్టికాయను, తల్లి చేయు పోలికను, 'వాడు చూడు, నీవు చూడు' అను మాటను ఏ ఇన్‌స్పెక్టరును వచ్చి చూడడు. బడిలో కొట్టుట మానిన పిమ్మట, పిల్లవాడు చదువుకొఱకు దెబ్బలు తిను చోటు పెక్కు కుటుంబములలో ఇల్లు ఒక్కటే. ఈ పత్రికను చదువు ఇండ్లవారు ఈ మాటను నిష్ఠురముగ భావింపక ఆలోచింపవలెనని కోరెదను. ఏలయన, చదువు విలువ తెలియని యింటిలో పుస్తకము విసరిన బిడ్డను ఎవ్వరును అంతగ పట్టించుకొనరు. దెబ్బ పడునది విలువ తెలిసిన యింటిలోనే.

నేను పనిచేయు సీమలోని ఒక పిల్లవాని సంగతి చెప్పెదను. పదేండ్లవాడు. తల్లిదండ్రులు పనికై దూరపు పట్టణమున నుందురు, నాయనమ్మ పెంపకము. వాడు ఎనుములను దూరమునుండియే గుర్తించి లెక్క చెప్పును. సైకిలు గొలుసు ఊడినచో పెద్దవారును వానినే పిలుతురు. ఇంటిపాఠమనగనే వాని ముఖము మాఱును. పది లెక్కలు చూచుటతోడనే పుస్తకము విసరును, పలుకరించినవారిని తిట్టును, చెల్లెలిని కొట్టును. ఊరివారికి వాడు మొండి. తోడిపిల్లలకు అంతకన్న చెడ్డపేరు.

వానిని ఒకనాడు సాయంకాలము బడి విడిచిన పిదప ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పుస్తకము మూసి, ఆ లెక్కలనే నోటితో అడిగితిని. పదింటిలో ఏడింటికి సరిగ చెప్పెను. పుస్తకము తెఱచి చదువుమనగా, ప్రశ్నలోని మూడవ మాటకడనే చెమట పట్టెను. వానికి లెక్క రాకపోవుట లేదు. లెక్క వ్రాయబడిన వాక్యము రాకున్నది. ఆ సంగతి తెలియకుండుటకే వాడు ఆ గొడవయంతయు చేయుచుండెను. చదువరానివాడనిపించుకొనుట కన్న చెడ్డవాడనిపించుకొనుట పదేండ్ల మగపిల్లవానికి గౌరవము.

కన్ను, చెవి చూపించితిమి, దోషము లేదు. అటుపై పనిని ఇట్లు అమర్చితిమి. పది లెక్కలకు మాఱుగా నాలుగు. అందు మొదటిది బడిలోనే, నా యెదుటనే చేసి వెళ్లవలెను. ఇల్లు చేరునప్పటికి పని మొదలైయుండును గాని మొదలిడవలసియుండదు. ఇంటిలో తిండి తిని, ఆడి వచ్చిన పిదప, ప్రతిదినము ఒకే వేళకు, ఒకే చోట. కాగితమును మడిచి ఒక్కొక్క లెక్కయే కనబడునట్లు చేయుట. ఒకటి ముగిసిన వెంటనే లేచి నీళ్లు త్రాగివచ్చుటకు సెలవు. కాలు గాలినట్లు కదలు పిల్లవానికి ఆ లేచుట యెంత అవసరమో కూర్చుండబెట్టువారికి తెలియదు. ప్రశ్నను ఎదురింటి పెద్దపిల్ల చదివి వినిపించును, జవాబు వీనిది. నాయనమ్మకు చదువు రాదు. ఆమె చేయవలసినది ప్రక్కన కూర్చుండి చింతపండు గింజలు తీసికొనుచుండుటయే. వాడు విసరినచో తిట్టరాదు, బ్రతిమాలరాదు. పుస్తకమును తీసి మరల అక్కడనే పెట్టవలెను. చేసినప్పుడు మాత్రము, ఏమి చేసెనో పేరుపెట్టి చెప్పి మెచ్చుకొనవలెను. 'మంచివాడవు' అనుట చాలదు. 'మూడవ లెక్కకడ కోపము వచ్చినను లేవకుంటివి' అనవలెను. ముసలమ్మ ఈ చివరిదానిని నాకన్న చక్కగ పట్టుకొనినది.

మొదటి రెండు వారములు ఏమియు మాఱలేదు. మూడవ వారమున వాడు పుస్తకము విసరినది రెండుమాఱులే యని ఆమె వ్రేళ్లమీద లెక్కించి చెప్పెను. చెల్లెలిని కొట్టుట అన్నిటికన్న ముందు తగ్గినది. ఇది నేను ఎదురుచూడనిది. భవిత కేంద్రమునకు తీసికొనిపోవుటకు నాయనమ్మ మొదట ఒప్పుకొనలేదు. తండ్రి సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన ముందఱ వానిచేత నోటిలెక్కలు చెప్పించితిమి. ఆయన చాలసేపు మాటలాడక, తన చిన్ననాట తనకును అక్షరములు ఇట్లే కదలిపోవుచుండెననియు, ఆ కారణముననే ఐదవ తరగతిలో బడి మానితిననియు చెప్పెను. అది విన్న ముసలమ్మ కొడుకు మొగము చూచినది. మఱుసటి సోమవారము ఆమెయే మనుమని చేయిపట్టుకొని కేంద్రమునకు బయలుదేరినది.

వాడు ఇప్పటికిని చదువున తన యీడువారికి రెండు తరగతులు వెనుక. గుణింతములో తప్పులు పోలేదు. కోపము వచ్చిన దినములు ఇంకను వచ్చుచున్నవి. ఇంటిపాఠము నాలుగు లెక్కలనుండి ఆఱునకు చేరినది. ఆఱవదానిని వాడు పెద్దపిల్లచేత చదివించుకొనక తానే వ్రేలుపెట్టి చదువును. అందుకు పావుగంట పట్టును. ఆ పావుగంట నాయనమ్మ ఏ పనికిని లేవదు.